అడిగినవారికి చెప్పవలసిందే: ప్రశ్నకూ జవాబుకూ మధ్య నడిచిన చరిత్ర

1

లండన్ నగరం తూర్పు భాగంలో స్పిటల్‌ఫీల్డ్స్ అనే పేట ఉంది. 18వ శతాబ్దంలో అది పట్టు నేతగాళ్ల పేట. ఫ్రాన్సులో మతహింసకు తాళలేక వలసవచ్చిన ప్రొటెస్టెంట్ కుటుంబాలు అక్కడ మగ్గాలు వేసుకుని బతికేవి. ఆ పేటలో 1717లో ఒక గణిత సంఘం ఏర్పడింది. జోసెఫ్ మిడిల్‌టన్ అనే ఆయన దానికి ఆద్యుడు. సభ్యులలో చాలామంది నేతగాళ్లు, చేతివృత్తులవాళ్లు. పగలంతా నాడె విసిరి, రాత్రి ఒకచోట చేరి లెక్కలు చేసుకునేవాళ్లు. ఒక దశలో సభ్యుల సంఖ్యకు ఎనిమిది వర్గం, అంటే 64, హద్దుగా పెట్టుకున్నారు. అంకెల మీద వారికున్న మోజుకు అదొక గుర్తు.

ఆ సంఘం నియమాలలో ఒకటి నన్ను ప్రత్యేకంగా ఆకర్షించింది. ఒక సభ్యుడు మరొక సభ్యుణ్ణి గణితంలో ప్రశ్న అడిగితే, అడిగినవాడికి అర్థమయ్యేలా, తనకు చేతనయినంత తేలికగా చెప్పడం రెండవవాడి విధి. చెప్పలేకపోతే రెండు పెన్నీల జరిమానా.

ఈ నియమంలో జరిమానా పడేది అడిగినవాడికి కాదు, చెప్పనివాడికి. మన పాఠశాలలలో, కళాశాలలలో వ్యవహారం దీనికి తలకిందులుగా ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు. అక్కడ ప్రశ్నలు అడిగే అధికారం ఉపాధ్యాయుడిది, పరీక్షాధికారిది. చెప్పవలసిన బాధ్యత పిల్లవాడిది, చెప్పలేకపోతే శిక్ష కూడా పిల్లవాడికే. పిల్లవాడు ఎదురు ప్రశ్నవేస్తే అది "సిలబస్‌లో లేదు".

సైన్సు చరిత్ర అంటే జవాబుల చరిత్ర అని మనకు అలవాటయిపోయింది. ఏ శాస్త్రజ్ఞుడు ఏ సంవత్సరంలో ఏమి కనిపెట్టాడన్న జాబితానే చరిత్రగా చలామణీ అవుతున్నది. ఈ వ్యాసంలో నేను చూడదలచింది మరొకటి. మామూలు మనిషికి ప్రకృతిని గురించి, లెక్కను గురించి కలిగిన సందేహానికి ఎవరు జవాబు చెప్పారు? ఎవరికి చెప్పారు? ఏ భాషలో చెప్పారు? భౌతికశాస్త్రం నా వృత్తి కాదు, నేను సాహిత్య విద్యార్థిని. అయినా ఒక జవాబు ఎవరిని ఉద్దేశించి రాసిందో, ఆ వాక్యం ఎవరి వైపు తిరిగి నిలబడిందో చూడటం సాహిత్య విమర్శ పనే కనుక ఈ సాహసం చేస్తున్నాను.

2

స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు ఒక వింత మినహాయింపు కారు. 1704లో ఇంగ్లండులో 'లేడీస్ డయిరీ' అనే సాలుసరి పంచాంగం మొదలయింది. కవెంట్రీ పట్టణపు బడిపంతులు జాన్ టిప్పర్ దాని సంపాదకుడు. స్త్రీల కోసమని వెలువడిన ఆ చిన్న పుస్తకంలో కొద్ది సంవత్సరాలలోనే గణిత ప్రశ్నలు ప్రధాన స్థానం ఆక్రమించాయి. ఈ ఏడాది ప్రశ్నలకు పాఠకులే జవాబులు పంపేవారు, అవి మరుసటి ఏటి సంచికలో అచ్చయ్యేవి. అడిగేవారూ చెప్పేవారూ ఒకే జనం. ఈ ఏర్పాటు 1840 దాకా నిలిచింది.

ఈ పత్రికకు 1754 నుంచి 1760 వరకు సంపాదకుడుగా ఉన్న థామస్ సింప్సన్ నేతగాడి కొడుకు, తానూ మగ్గం మీద పనిచేసినవాడు. వంకర గీతల కింది వైశాల్యం కట్టే పద్ధతికి 'సింప్సన్ సూత్రం' అని ఇప్పటికీ మన ఇంజనీరింగు విద్యార్థులు వల్లెవేసే పేరు ఆయనదే. సూత్రం వల్లెవేసేవారికి మగ్గం సంగతి ఎవరూ చెప్పరు. 1774 నుంచి 1817 దాకా దాన్ని నడిపిన చార్లెస్ హటన్ బాల్యంలో న్యూకాసిల్ బొగ్గుగనిలో పనిచేసినవాడు.

శ్రమచేసే చేతికి గణితంతో పనిలేదన్నది శ్రమ చేయనివాళ్లు పుట్టించిన మాట. నూలు మీద ముందుగానే ముడులు వేసి, రంగులద్ది, ఆ తరువాత నేతలో బొమ్మ సరిగ్గా కుదిరేలా పోగు పోగుకీ లెక్క చూసుకునే మన పోచంపల్లి నేతగాడికి గణితం కొత్త కాదు. అతనికి కరువయింది ఆ లెక్కను కాగితం మీదికి తెచ్చి, మరొకరితో చర్చించి, ముందుకు తీసుకుపోయే తీరిక, సంఘం, పత్రిక. స్పిటల్‌ఫీల్డ్స్‌లో కొంతకాలం ఆ మూడూ కలిసివచ్చాయి.

ఆ తరువాత ఏమయింది? శతాబ్దం మారే రోజుల్లో, ఫ్రెంచి విప్లవం పేరు చెబితే పాలకులు ఉలిక్కిపడే కాలంలో, లైసెన్సు లేకుండా బహిరంగ ఉపన్యాసాలు ఇచ్చారని ఈ గణిత సంఘం మీద కేసు పెట్టారు. విద్యుత్తును గురించి, గ్రహాల గమనాన్ని గురించి చెప్పడం కూడా రాజ్యానికి అనుమానాస్పదమయింది. నేతగాళ్ల కూలిరేట్లకు 1773 నుంచి రక్షణగా ఉన్న చట్టాలు 1824లో రద్దయ్యాయి. కూలి పడిపోయింది, పని గంటలు పెరిగాయి, పేట చితికిపోయింది. 1846 నాటికి సంఘంలో మిగిలింది ఇరవైమంది కన్నా తక్కువ. వారిని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ తనలో కలుపుకున్నది, గ్రంథాలయం కూడా అక్కడికే చేరింది. సంఘం పతనానికి ఇదొక్కటే కారణమని నేను అనటంలేదు. కాని ప్రశ్నించడానికి కుతూహలం ఒక్కటే చాలదు, తీరిక కూడా కావాలి. తీరికను పోగొట్టుకున్నవాడు మొదట పోగొట్టుకునేది ప్రశ్నను.

3

దీనికి పూర్తిగా భిన్నమైన మరొక సంప్రదాయం అదే కాలంలో ఉన్నది. 1760 నుంచి 1762 వరకు బెర్లిన్‌లో ఉంటూ లియొనార్డ్ ఆయిలర్ ఒక జర్మన్ రాకుమారికి 234 లేఖలు రాశాడు. ఆమె పేరు ఫ్రీడరికె షార్లొట్టె. అది ఏడేళ్ల యుద్ధకాలం. 1760 అక్టోబరులో రష్యన్, ఆస్ట్రియన్ సేనలు బెర్లిన్‌లో ప్రవేశించాయి, ఆయిలర్ పొలం కూడా దోపిడీకి గురయింది. అయినా లేఖలు ఆగలేదు. ధ్వని అంటే ఏమిటి, వెలుగు ఎలా ప్రయాణిస్తుంది, పోటూ పాటూ ఎందుకు వస్తాయి, ఎత్తైన కొండల మీద సూర్యుడికి దగ్గరైనా చలి ఎందుకు ఎక్కువ, ఇలా సాగుతాయి. సమీకరణాలు దాదాపు లేకుండా, రోజూ చూసే వస్తువుల ఉపమానాలతో నడుస్తాయి. 1768 నుంచి 1772 దాకా అవి మూడు సంపుటాలుగా సెంట్ పీటర్స్‌బర్గులో అచ్చయ్యాయి, యూరపు భాషలలోకి అనువాదమయ్యాయి. తన కాలపు గణితజ్ఞులలో అగ్రగణ్యుడు ఒక బాలికకు అర్థమయ్యేలా రాయడానికి ఇంత శ్రమ తీసుకోవడం గొప్ప విషయం. ఆ మేరకు ఆయనకు నమస్కరించాలి.

కాని విమర్శకుడు అక్కడ ఆగరాదు. ఈ మూడు సంపుటాలలో రాకుమారి ప్రశ్న ఒక్కటి కూడా లేదు. ఉన్నవన్నీ జవాబులే. ఆమెకు ఏది అర్థమయింది, ఎక్కడ ఒప్పుకోలేదు, ఎక్కడ ఎదురుచెప్పింది అన్నది మనకు దొరకదు. మరొక సంగతి. ఆయిలర్ మతవిశ్వాసి. నాస్తికులను, స్వేచ్ఛాచింతకులను ఖండించే లేఖలు కూడా ఈ సంపుటాలలో ఉన్నాయి. ఫ్రెంచి విప్లవానికి కొద్దికాలం ముందు, 1787లో మొదలైన పారిస్ ముద్రణలో కోందోర్సే ఆ మతభాగాలను తీసివేశాడు. ఒక పుస్తకంలోని సైన్సు జవాబులను నిలుపుకుని, వాటికి అంటించిన భావజాలాన్ని వదిలించుకునే ప్రయత్నమది. అది న్యాయమా కాదా అన్న చర్చ వేరు. ఒకరి పుస్తకానికి కత్తెర వేయడం కన్నా, ఉన్నది ఉన్నట్టు అచ్చువేసి ముందుమాటలో విమర్శించడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. అయితే సైన్సును వివరించే వాక్యం కూడా భావజాలానికి అతీతం కాదని కోందోర్సే గుర్తించాడు. అది ముఖ్యం.

ఇక ఆ లేఖలలో ఒకటి ఆకాశం నీలిరంగును గురించినది. ఈ ప్రశ్నను కొంత దూరం వెంబడిస్తాను. ఎందుకంటే ఒకే ప్రశ్న ఎన్ని చేతులు మారిందో, ఎవరెవరి చేతుల్లో ఎలా మారిందో దాని ద్వారా స్పష్టమవుతుంది.

4

ఆయిలర్ 1760లో ఇచ్చిన జవాబు ఇది. గాలి పూర్తిగా పారదర్శకం కాదు, అందులో సూక్ష్మ కణాలున్నాయి, సూర్యకాంతి తగిలి అవి కంపిస్తాయి, వాటి స్వంత రంగు నీలం. ఒక గదిలోని గాలిలో ఆ నీలం కనబడదు, మైళ్ల లోతున పేరుకుంటే కనబడుతుంది. చదవడానికి నమ్మదగినట్టుగానే ఉంటుంది. కాని కణాల స్వంత రంగు నీలమన్న మాట తప్పు.

దాదాపు వంద సంవత్సరాల తరువాత ఈ ప్రశ్న జాన్ టిండాల్ చేతికి వచ్చింది. టిండాల్ 1820లో ఐర్లండులో పుట్టాడు. తండ్రి పోలీసు జవాను. ఇతను ప్రభుత్వ భూమాపన శాఖలో చిరుద్యోగి. 1842లో ఇంగ్లండులోని ప్రెస్టన్ పట్టణానికి బదిలీ అయి, అక్కడి మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో, అంటే కార్మికుల విద్యాసంస్థలో, ఉపన్యాసాలు వినేవాడు. కింది సిబ్బంది జీతభత్యాల విషయంలో, ఐరిష్ ఉద్యోగుల పట్ల జరుగుతున్న అన్యాయం విషయంలో నిరసన తెలిపినందుకు 1843లో ఉద్యోగం ఊడింది.

ఈ మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ల కథ కొంచెం చెప్పాలి. 1800 ప్రాంతంలో గ్లాస్గోలో జార్జి బర్క్‌బెక్ అనే అధ్యాపకుడు తన పాఠాలకోసం ఒక పంపు నమూనా చేయిస్తుండగా, దాన్ని చేస్తున్న పనివాళ్లు చుట్టూ మూగి అది ఎలా పనిచేస్తుందని ఆరాతీశారు. వాళ్లకోసం ఆయన ఉచిత ఉపన్యాసాలు ప్రారంభించాడు. ఆ బీజమే 1823లో లండన్ మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ అయింది. అయితే దాన్ని ఎవరు నడపాలన్న పేచీ తొలినాడే వచ్చింది. కార్మికుల పక్షపాతి థామస్ హాడ్జ్‌స్కిన్ వంటివారు దాన్ని కార్మికులే తమ చందాలతో నడుపుకోవాలన్నారు. దాతలు, రాజకీయ పెద్దలు డబ్బుతో వచ్చారు, పెత్తనమూ వచ్చింది. ఆవిరి యంత్రం ఎలా నడుస్తుందన్న ప్రశ్నకు దాతలు సంతోషంగా జవాబు చెప్పించారు. ఆ యంత్రం ఎవరి లాభం కోసం నడుస్తుందన్న ప్రశ్న వారికి రుచించలేదు.

లండన్‌లో 1799లో స్థాపించిన రాయల్ ఇన్‌స్టిట్యూషన్ కథ మరీ విచిత్రం. మొదట్లో అక్కడ చేతివృత్తులవారికి కూడా శిక్షణ ఇవ్వాలనుకున్నారు. వారు పెద్దమనుషుల కంటబడకుండా వీధిలోంచి నేరుగా ఉపన్యాసశాల పైవరుసకు ఎక్కిపోవడానికి వేరే రాతిమెట్లు కట్టారు. తీరా ఆ ఆలోచన రాజకీయంగా ప్రమాదమని తోచి, పథకాన్ని మానుకుని మెట్లు పడగొట్టేశారు. మెట్లు పడగొట్టిన ఆ భవనంలోకే, పుస్తకాలు బైండు చేసే అప్రెంటిసుగా ఉండి, జేన్ మార్సెట్ అనే ఆమె ప్రశ్నోత్తరాల రూపంలో రాసిన రసాయనశాస్త్ర గ్రంథం చదివి మేలుకున్న మైకేల్ ఫారడే 1813లో ప్రవేశించాడు. 1853లో టిండాల్ కూడా అక్కడే ప్రొఫెసర్ అయ్యాడు. చరిత్ర మెట్లు లేకుండా కూడా కొందరిని ఎక్కిస్తుంది. కాని ఆ కొందరిని చూపించి మెట్లు అక్కరలేదని వాదించడం మోసం.

1868, 69 సంవత్సరాలలో టిండాల్ ఒక గాజుగొట్టంలో పలచని ఆవిరి నింపి, బలమైన కాంతిపుంజాన్ని పంపాడు. కాంతి ప్రభావంతో ఆవిరిలో అతిసూక్ష్మ కణాలు ఏర్పడసాగాయి. అవి మరీ చిన్నవిగా ఉన్నంతసేపూ గొట్టం నీలంగా మెరిసింది, పెద్దవయ్యేకొద్దీ తెల్లబారింది. రంగు కణం స్వభావంలో లేదు, దాని పరిమాణంలో ఉంది. ఆయిలర్ పొరపాటును ఈ ప్రయోగం సరిదిద్దింది.

1871లో జాన్ విలియం స్ట్రట్ దీనికి గణితరూపం ఇచ్చాడు. ఎసెక్స్‌లో పెద్ద భూస్వామి కుటుంబం ఆయనది. 1873లో తండ్రి పోయాక లార్డ్ రేలీ అయ్యాడు. కాంతి తరంగం కన్నా బాగా చిన్నదైన కణం కాంతిని అన్ని వైపులకూ చెదరగొడుతుంది. ఎంత చెదరగొడుతుందన్నది తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. ఎరుపు తరంగదైర్ఘ్యం 700, నీలం 450 అనుకుంటే, వాటి నిష్పత్తిని నాలుగుసార్లు గుణించి చూడండి. నీలం దాదాపు 6 రెట్లు ఎక్కువ చెదురుతుంది. చెదిరిన ఆ నీలమే ఆకాశం నలువైపుల నుంచి మన కంట్లో పడుతుంది. సాయంకాలం సూర్యకాంతి గాలిపొరలో ఏటవాలుగా చాలాదూరం ప్రయాణిస్తుంది. దారిలో నీలం చెదిరిపోగా మిగిలిన ఎరుపు మనల్ని చేరుతుంది. పగటి నీలానికీ సంధ్య ఎరుపుకూ కారణం ఒక్కటే. సంధ్యారాగాన్ని గురించి లెక్కలేనన్ని పద్యాలు రాసుకున్న జాతికి ఈ కారణం తెలిస్తే కవిత్వం చెడిపోతుందని నేననుకోను. 1899లో రేలీయే మరొక అడుగువేసి, ధూళి అక్కరలేదు, గాలి అణువులే ఈ పనికి చాలునని చూపాడు.

అయితే ఒక పిల్లవాడు లేచి, ఊదారంగు తరంగం ఇంకా చిన్నది కదా, ఆకాశం ఊదాగా ఎందుకు లేదు అని అడగవచ్చు. ఇది అడగవలసిన ప్రశ్నే. సూర్యకాంతిలో ఊదా పాలు తక్కువ, అందులో కొంత పైవాతావరణంలోనే ఇంకిపోతుంది. పైగా మన కన్ను ఊదాను అంతబాగా పట్టుకోలేదు. అంటే జవాబులో సగం ఆకాశంలో ఉంది, సగం చూసేవాడి కంట్లో ఉంది.

5

మన దేశంలో ఈ ప్రశ్న చంద్రశేఖర వెంకట రామన్ దగ్గరికి వచ్చింది. 1888లో తిరుచిరాపల్లిలో పుట్టిన రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. తండ్రి అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు. 1907లో రామన్ కలకత్తాలో ఆర్థికశాఖ ఉద్యోగంలో చేరి, ఆఫీసు వేళలకు ముందూ వెనుకా ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ ప్రయోగశాలలో పనిచేశాడు. ఆ సంస్థను 1876లో డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ చందాలు కూడగట్టి భారతీయుల కోసం నెలకొల్పాడు. ఆ తలుపు తెరిచి లేకపోతే, ఒక గుమాస్తాదొరగారి కుతూహలం ఆఫీసు ఫైళ్లలోనే కలిసిపోయేది.

1921లో రామన్ ఇంగ్లండు వెళ్లి ఓడలో తిరిగివస్తూ మధ్యధరా సముద్రపు నీలాన్ని చూశాడు. సముద్రం నీలం ఆకాశపు ప్రతిబింబమే అని రేలీ చెప్పి ఉన్నాడు. రామన్ ఆ మాటను అప్పగించుకోలేదు. తన దగ్గరున్న నికోల్ పట్టకంతో, ఉపరితలం మీది ప్రతిఫలనాన్ని అణచివేసి చూశాడు. నీలం పోలేదు సరికదా, మరింత చిక్కనయింది. నీరు స్వయంగా కాంతిని చెదరగొడుతున్నదని వాదించాడు. ద్రవాలలో కాంతి పరిక్షేపణ మీద శిష్యులతో కలిసి ఏడేళ్లు చేసిన కృషి 1928 ఫిబ్రవరి 28 నాటి ఆవిష్కరణకు, 1930 నోబెల్ బహుమతికి దారితీసింది. నీటి నీలానికి ప్రధాన కారణం నీటి అణువులు ఎరుపును మింగివేయడమే, చెదరడం దానికి తోడు అన్నది నేటి అవగాహన. రేలీ జవాబును రామన్ సవరించినట్టే రామన్ జవాబునూ తరువాతివారు సవరించారు. జవాబులకు వయసు మళ్లుతుంది. అందువల్ల ఏ జవాబునూ మంత్రంలా అప్పగించరాదు.

1968 డిసెంబరులో, ఎనభయ్యేళ్ల వయసులో, అహమ్మదాబాద్ కమ్యూనిటీ సైన్స్ సెంటర్‌కు శంకుస్థాపన సందర్భంగా రామన్ చేసిన ప్రసంగ విషయం ఏమిటనుకున్నారు? ఆకాశం ఎందుకు నీలం! ఆయిలర్ నుంచి ఈ ప్రసంగానికి 208 ఏళ్లు. రాకుమారికి అందిన జవాబు ఇప్పుడు సాధారణ సభలో పలికింది. ఇది నిస్సందేహంగా పురోగతి.

కాని ఇదే రామన్ 1933లో కమలా భాగవత్ (తరువాత సొహోనీ) బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరడానికి వస్తే, ఆడపిల్ల అన్న కారణంతో మొదట నిరాకరించాడు. ఆమె పట్టుబట్టి నిలిచింది. షరతుల మీద చేర్చుకున్నారు, ఏడాది తరువాత గాని ఆమె చేరిక ఖాయం కాలేదు. సముద్రం విషయంలో ఆనవాయితీని ఒప్పుకోనివాడు స్త్రీ విషయంలో ఆనవాయితీకి తలవంచాడు. వైజ్ఞానిక దృక్పథం ప్రయోగశాల గడప దాటి దానంతటది నడిచిరాదు. ఎవరో ఒకరు గడప దగ్గర నిలబడి కొట్లాడి తేవాలి.

6

ప్రశ్నకు జవాబు చెప్పడాన్ని ఒక ప్రజా ఉద్యమంగా మార్చిన ఘట్టాలు 20వ శతాబ్దంలో ఉన్నాయి. రెంటిని పేర్కొంటాను.

1913లో యాకొవ్ పెరెల్మాన్ రాసిన 'వినోద భౌతికశాస్త్రం' తొలి సంపుటం రష్యాలో వెలువడింది. ఆయన పరిశోధకుడు కాదు, ఏ సూత్రమూ ఆయన పేరున లేదు. వేగంగా పోతున్న రైలులో ఎగిరితే ఎక్కడ పడతాం వంటి, ఎవరికయినా తట్టగల ప్రశ్నలే ఆయన సామగ్రి. 1935లో లెనిన్‌గ్రాడ్‌లో ఆయన పూనికతో వినోద విజ్ఞాన భవనం తెరిచారు. అక్కడి వస్తువులను పిల్లలు తాకవచ్చు, తిప్పవచ్చు. నాజీ సేనలు నగరాన్ని ముట్టడించిన రోజుల్లో, పరికరాలు లేకుండా దిక్కులు, దూరాలు అంచనా కట్టడం ఎలాగో ఆయన సైనికులకు పాఠాలు చెప్పాడు. 1942 మార్చి 16న ఆ ముట్టడిలోనే ఆకలితో మరణించాడు. ఆయన పుస్తకాలు మాత్రం దేశదేశాలకూ పోయాయి. మీర్, ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల సైన్సు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాలలో, ఊరూరా తిరిగే పుస్తకాల వ్యానులో, టీ ఖర్చుకు సమానమైన ధరకు దొరికిన కాలం ఒకటుండేది. 1991లో సోవియట్ యూనియన్ కూలడంతో ఆ సరఫరా ఆగిపోయింది. ఇరవై, ముప్పయి ఏళ్లు పరాయి దేశం తెలుగులో అచ్చువేసి పంపితే చదువుకున్నాం. ఆగిపోయాక ఆ లోటు పూడ్చుకోవడం మన బాధ్యత అన్న స్పృహ మన సాహిత్య సంఘాలకు ఎంతమేరకు కలిగిందో ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

రెండవది హోషంగాబాద్. 1972లో మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు 16 గ్రామీణ పాఠశాలలలో ప్రయోగాల ద్వారా సైన్సు నేర్పే కార్యక్రమం ప్రారంభించాయి. 1978లో అది జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఆ బాధ్యత స్వీకరించింది. వారి పాఠ్యపుస్తకాలలో 'సవాలీరాం' అనే కల్పిత వ్యక్తి ఉండేవాడు. ఏ సందేహం వచ్చినా సవాలీరాంకు ఉత్తరం రాయమని పిల్లలను ప్రోత్సహించేవారు. పిల్లలు తమ మాటల్లో, తమ హిందీలో రాసేవారు. చదువుకున్న పెద్దలు, శాస్త్రజ్ఞులు కూర్చుని జవాబులు వెతికేవారు. రాకుమారి లేఖలలో మాయమైన ప్రశ్న ఇక్కడ పల్లెటూరి పిల్లల దస్తూరితో తిరిగివచ్చింది. స్పిటల్‌ఫీల్డ్స్ నియమం ఇక్కడ మళ్లీ అమలయింది. అడిగినవారికి చెప్పవలసిందే. అయితే 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఈ కార్యక్రమాన్ని నిలిపివేసింది. స్పిటల్‌ఫీల్డ్స్ కేసు నుంచి హోషంగాబాద్ నిలిపివేత దాకా పాలకుల కారణాలు వేరువేరు కావచ్చు. ప్రశ్న వ్యవస్థీకృతమైతే వారికి కలిగే ఇబ్బంది మాత్రం ఒకటే.

7

ఇక తెలుగు సంగతి. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించారు. చరిత్రతో పాటు జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, పదార్థవిజ్ఞానం తెలుగులో అచ్చువేశారు. విశ్వవిద్యాలయం తెలుగువైపు కన్నెత్తి చూడని కాలంలో చందాదారుల బలంతో ఆ పని జరిగింది. ఆ తరువాత 1968లో తెలుగు అకాడమీ వచ్చింది, పారిభాషిక పదాలు వచ్చాయి. 1988లో జన విజ్ఞాన వేదిక వచ్చింది, 'చెకుముకి' పత్రిక పిల్లల చేతికి వచ్చింది. ఇవన్నీ గర్వించదగినవే. కాని పాఠ్యపుస్తకాల తెలుగు ఎలా తయారయిందో చూడండి. "పరిక్షేపణ తీవ్రత తరంగదైర్ఘ్య చతుర్ఘాతమునకు విలోమానుపాతమున ఉండును" అనే తరహా వాక్యం తప్పు కాదు. ఆ వాక్యంతో ఎవరూ ప్రశ్న అడగలేరు, అదీ దాని లోపం. జవాబు గ్రాంథికంలో, ప్రశ్న వాడుకలో ఉంటే రెండింటికీ మాట కలవదు. వ్యావహారిక భాషా ఉద్యమం కథకూ కవితకూ సాధించిన విజయాన్ని సైన్సుకు సాధించలేదు. దానికి శాస్త్రజ్ఞులను నిందించి లాభం లేదు. రచయితలు ఆ రంగంలోకి దిగలేదు.

ఈ లోగా పాఠశాల మాధ్యమమే మారుతున్నది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడులను ఇంగ్లీషు మాధ్యమంలోకి మారుస్తూ ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. తెలంగాణ మంత్రివర్గం 2022లో అదే దారి పట్టింది. ఈ విషయంలో మన మిత్రులు కొందరు తల్లిభాషాభిమానంతో ఆవేశపడుతున్నారు. నా మాట వేరు. పై కులాలవారి, పై తరగతులవారి పిల్లలు తరాలుగా ఇంగ్లీషు బళ్లలో చదివి, దళిత బహుజనుల పిల్లలకు మాత్రం తెలుగు గొప్పతనం బోధించడం కపటం. ఇంగ్లీషు వారి హక్కు, అందులో రెండో మాట లేదు. అయితే "ఎందుకు" అన్న తొలిమాట ఏ పిల్లకయినా ఇంటిభాషలోనే పుడుతుంది. ఆ మాటకు బడిలో చోటు లేకపోతే, ఇంగ్లీషులో అప్పగించినా తెలుగులో అప్పగించినా అది అప్పగింతే. పోరాడవలసింది ఒక భాషను మరో భాష మీదికి ఉసిగొల్పడానికి కాదు. పిల్ల ఏ భాషలో అడిగితే ఆ భాషలో చెప్పగల ఉపాధ్యాయుడి కోసం, పుస్తకం కోసం.

ఈ పనిలో మన వంతు ఏమిటని విద్యార్థి మిత్రులు అడగవచ్చు. వైజ్ఞానిక రచన సాహిత్యం కాదనే చిన్నచూపును ముందు వదిలించుకోవాలి. పెరెల్మాన్ రాసిన ఒక పేరా ఎందుకు అర్థమవుతుందో విశ్లేషించడం ఒక కథ శిల్పాన్ని విశ్లేషించినంత గౌరవప్రదమైన పని. మన పత్రికలు పాఠకుల ప్రశ్నలకు నెలకు రెండు పేజీలు కేటాయించాలి. జవాబు తెలిసిన అధ్యాపకుడి పక్కన తెలుగు తెలిసిన రచయిత కూర్చోవాలి. అచ్చులో ముందుగా పాఠకుడి ప్రశ్న, అతని మాటల్లోనే, అతని యాసలోనే రావాలి. జవాబు తెలియకపోతే తెలియదని రాసి, తెలిసినవారిని ఆహ్వానించాలి. దీనికి నిధులు అక్కరలేదు, ప్రభుత్వ అనుమతి అక్కరలేదు. నేతగాళ్లు మూడువందల ఏళ్ల కిందట తమ రాత్రివేళలతో, రెండు పెన్నీల జరిమానాతో నడిపించిన పనిని మనం వచ్చే సంచిక నుంచే మొదలుపెట్టవచ్చు.